ప్రేక్షకులను వెదకిన హాస్యము

తెలుగునాట తోలుబొమ్మలాటయందు రామరావణయుద్ధ మెంత తీవ్రముగా సాగుచున్నను, నడుమ కేతిగాడును బంగారక్కయు తెరమీదికి రాక మానరు. ప్రధానకథతో వారికి సంబంధము లేదు. అయినను వారు లేని ఆట జనులకు రుచింపదు. ఇట్లు కథకు ప్రక్కన నిలిచి, ఇరువురి సంవాదముచేతనే నవ్వు పుట్టించు పద్ధతి పాశ్చాత్యదేశములందును కలదు. అమెరికాలో ‘వాడెవిల్’ అను వినోదప్రదర్శనమున గాయకులు, గారడివాండ్రు, సాముగరిడీలవారు, హాస్యగాండ్రు ఒకరి వెనుక నొకరు వచ్చి, కొలది నిమిషములు తమ విద్యను చూపి పోవుచుండిరి. వారిలో నొక జంట చలనచిత్రమున బ్రవేశించిన వృత్తాంతము విచారింపదగియున్నది.

ఆ జంట జార్జి బర్న్సు, గ్రేసీ ఆలెన్. తొలుత గ్రేసీ ప్రశ్న లడుగుటయు, జార్జి హాస్యోక్తులతో బదులు చెప్పుటయు వారి యేర్పాటు. అయితే సభవారు జార్జి చమత్కారములకు నవ్వక, గ్రేసీ ప్రశ్నలకే నవ్విరి. అది గమనించి జార్జి పాత్రలను తారుమారు చేసెను. నాటినుండి ఆయన యడుగువాడు, ఆమె బదులు చెప్పునది. ఆమె మాట లోకమునకు వెఱ్ఱిగా దోచును. ఆమెకు మాత్ర మది సహజమైన తర్కము. హాస్యమంతయు ఆ యెడమునందే యున్నది. 1926లో వారు వివాహము చేసికొనిరి.

ఆ సంవత్సరముననే, ఆగస్టు 6వ తేదీన, న్యూయార్కు నగరమున వైటాఫోన్ చిత్రములు ప్రదర్శితము లయ్యెను. బొమ్మ ఫిలిముమీదను, ధ్వని వేఱొక పళ్లెముమీదను ఉండ, రెండింటిని ఏకకాలమున నడుపుట దాని విధానము. ఈ మార్గము తెలుగువారి కపరిచితము గాదు. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు 1910లోనే క్రోనోమెగాఫోను అను యంత్రమును దెప్పించి, పళ్లెములధ్వనితో గూడిన చిన్నచిత్రములను మదరాసున జూపియుండిరి.

1929లో ఫ్రెడ్ ఆలెన్ అను హాస్యనటు డస్వస్థుడు కాగా, అతనికి బదులుగా బర్న్సు దంపతులకు పిలుపు వచ్చెను. ‘లాంబ్‌చాప్స్’ అను నా చిత్రము ఎనిమిది నిమిషములది. వారి సంభాషణము వీధిమూలకు తగినది; చిత్రశాలలో నమర్చినది గృహాంతర్భాగము. అందుచే జార్జి నెత్తిన టోపీతోనే లోనికి వచ్చును. గ్రేసీ గృహోపకరణముల నడుమ దేనినో వెదకును. ఏమి వెదకుచున్నావని యడుగగా, ప్రేక్షకులనని చెప్పును. జార్జి కెమెరాను చూపును. తుదకు, చెప్పవలసిన మాటలు ముగిసినను కాలము మిగులగా, ఆ లోపమునే వారు హాస్యముగా మార్చుకొనిరి.

ఆ వెదకులాట కేవలము వినోదము గాదు. రంగస్థలమున నటుని మాటకు సభ నవ్వుచే బదులు పలుకును. ఆ నవ్వే పాత్రలను మార్చి ఈ జంటను రూపొందించినది. కెమెరా నవ్వదు. మఱియు ఊరూర దిరుగుచు ఒక్క ప్రదర్శనముతో ఏండ్లు గడపిన నటుల సరకు చిత్రమున నొక్కసారిగా వ్యయమైపోవును. 1932 ముగియులోపల వాడెవిల్‌కు కిరీటమనదగిన ప్యాలెసు నాటకశాలయు చలనచిత్రములకు లోబడెను. బర్న్సు దంపతులు రేడియోను, 1950నుండి టెలివిజనును ఆశ్రయించి నిలిచిరి. అట్లు నిలువజాలనివారు పెక్కుమంది.

అయినను ఆ పళ్లెములే నేడు సాక్ష్యములు. వైటాఫోన్ చిత్రములలో కొన్నింటికి బొమ్మ మిగిలి ధ్వని నశించినది. కొన్నింటికి ధ్వని మిగిలి బొమ్మ నశించినది. రెండును దక్కిన ‘లాంబ్‌చాప్స్’ 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికకెక్కెను. కేతిగాని సంభాషణము ఊరినిబట్టియు, రాత్రినిబట్టియు మారును. దానిని భద్రపఱచువారు మాటలను మాత్రమే వ్రాసికొన్నచో సగమే దక్కును. ఎదుట గూర్చున్నవారు ఎచ్చట నవ్విరో, ఆ నవ్వునకు కేతిగాడేమి బదులాడెనో అదియు వ్రాసికొనవలయును. గ్రేసీ వెదకినది ఆ రెండవ సగమునే.