గ్రౌండ్‌కు ముందు ఏ స్ట్రెచింగ్? తర్వాత ఏది?

ఖమ్మం, భద్రాచలం వైపు పోలీస్ ఉద్యోగాల కోసం గ్రౌండ్ ప్రాక్టీస్ చేసే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు లాంగ్ జంప్ 4 మీటర్లు, అమ్మాయిలకు 2.5 మీటర్లు పెట్టారు. రెండు సెంటీమీటర్లు తగ్గినా ఏళ్ల కష్టం పోయినట్టే. అందుకే దూకే ముందు ఒళ్లు ఎలా సాగదీస్తున్నారన్నది చిన్న విషయం కాదు.

స్ట్రెచింగ్‌లో ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. కండరాన్ని సాగదీసి కదలకుండా ఆగితే స్టాటిక్. కాళ్లు ఊపుతూ, మోకాళ్లు పైకెత్తి నడుస్తూ చేసేది డైనమిక్. సాగదీసిన కండరాన్ని 5 నుంచి 10 సెకన్లు బిగించి, వదిలి, మళ్లీ కొంచెం ఎక్కువ సాగదీసేది పీఎన్ఎఫ్. దీనికి మామూలుగా తోడు మనిషి కావాలి.

మూడింటితోనూ ఒళ్లు వంగడం పెరుగుతుంది. బలం, వేగం సంగతే వేరు. కెనడాకు చెందిన డేవిడ్ బెహ్మ్ బృందం 2016లో చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూసింది. చేసిన వెంటనే పరీక్షిస్తే సగటున స్టాటిక్‌తో 3.7 శాతం, పీఎన్ఎఫ్‌తో 4.4 శాతం ప్రదర్శన తగ్గింది. డైనమిక్‌తో 1.3 శాతం పెరిగింది. ఒక్కో కండరానికి స్టాటిక్ 60 సెకన్ల లోపే చేస్తే తగ్గుదల 1.1 శాతమే. 60 సెకన్లు, ఆపైన అయితే 4.6 శాతం.

కారణమేంటి? ఎక్కువసేపు సాగదీస్తే కండరానికి నరాల నుంచి వచ్చే ఆదేశం కాసేపు మందగిస్తుంది. ఈ ప్రభావం తాత్కాలికమే. తర్వాత బాగా వార్మప్ చేస్తే చాలావరకు పోతుంది.

కాబట్టి గ్రౌండ్‌కు ముందు 5 నుంచి 10 నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. తర్వాత డైనమిక్ స్ట్రెచింగ్ చేసి, రెండు మూడు చిన్న పరుగులు తీయాలి. స్టాటిక్‌ను ప్రాక్టీస్ అయ్యాకో, సాయంత్రం ఇంట్లోనో పెట్టుకోవాలి. తొడ వెనక కండరానికి, పిక్కలకు 30 సెకన్ల చొప్పున రెండుసార్లు, వారానికి మూడు రోజులైనా చేయాలి. గ్రౌండ్‌కు పోవడం కుదరని అమ్మాయిలు డాబా మీద చేసుకున్నా సరిపోతుంది.

కొన్ని వారాల్లో వంగడం తేలికవుతుంది. అప్పటికి కండరం పొడుగైందని కాదు, లాగుడును ఓర్చుకోవడం అలవాటైందని అర్థం.

స్ట్రెచింగ్ చేస్తే మర్నాడు ఒళ్లు నొప్పులు రావని చాలామంది అనుకుంటారు. దాంతో తగ్గేది బహు స్వల్పం. నొప్పి పుట్టేదాకా లాగొద్దు, కుదుపులు వద్దు. కండరం పట్టేసి వాచితే సాగదీయకుండా డాక్టర్‌కు చూపించండి.