గంజీఫా ముక్కలపై గజపతి, నరపతి

గీదము దండకారణ్యమున ఒక చిన్న పట్టణము. అచ్చటినుండి ఒక బాట దంతెవాడకును, ఒకటి బారసూరునకును, మరియొకటి గోదావరి దిక్కునకును సాగును. బారసూరు పదునొకండవ శతాబ్దిలో ఛిందక నాగవంశీయుల ఏలుబడిలో వెలసిన నగరము. దంతెవాడలో 1703 నాటి దిక్పాలదేవుని శాసనము కలదు. కాకతి ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమరాజు ఓరుగల్లు విడిచి ఈ సీమకు వచ్చెనని అది చెప్పుచున్నది. అడవి నడుమ ఇట్లు తెలుగువారి చరిత్ర కొంత దాగియున్నది.

ఈ సీమకు పడమట నిర్మల, తూర్పున ఉత్కళము. రెండు దిక్కులను ఒకప్పుడు చేతితో చిత్రించిన గుండ్రని ఆటముక్కలు పుట్టినవి. వానినే గంజీఫా యందురు, ఒడిశాలో గంజపా. కర్నూలు సీమలోని నొస్సము చిత్రకారులును ఈ పనిలో పేరొందినవారే. 1527లో బాబరు సింధులోని షా హసనునకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొనెను.

అక్బరు కొలువులోని ముక్కలను అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వర్ణించెను. పండ్రెండు జాతులు, జాతికి పండ్రెండు ముక్కలు, వెరసి 144. మొదటి మూడు జాతుల పేర్లు అశ్వపతి, గజపతి, నరపతి. ఈ పేర్లు విన్నంతనే తెలుగువాని మనస్సు ఢిల్లీ, కటకము, విజయనగర సింహాసనములపైకి పోవును. అబుల్ ఫజల్ గజపతికి ఒడిశా ప్రభువునే ఉదాహరించెను. కాని కాల్బలమే బలముగాగల నరపతికి మాత్రము విజాపుర సుల్తానులను చూపెను! 1565లో రాక్షసతంగడి యుద్ధము ముగిసి అప్పటికి ఒక తరము గడచినది. ఉత్తరాదివానికి దక్షిణమున కానవచ్చిన రాజు విజాపురమువాడే. మన రాయల బిరుదు పరుని పాలగుట ఒక ఆటముక్క వర్ణనలో ఇంత స్పష్టముగా కనబడుట విచిత్రము. కడపటి రెండు జాతులు వనపతి, అహిపతి. బారసూరు నాగరాజులను తలంచినవారికి అహిపతి పేరు ముచ్చట గొలుపును గాని, రెంటికిని సంబంధము కట్టుటకు ఆధారము లేదు.

సామాన్యులలో వ్యాపించినవి ఎనిమిది జాతుల 96 ముక్కల కట్ట, దశావతారముల 120 ముక్కల కట్ట. ప్రతి జాతికిని రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివరకు అంకెలు. ఇందొక మెలిక కలదు. సగము జాతులలో మంత్రి తరువాత పది పెద్ద, ఒకటి చిన్న. తక్కిన సగములో ఒకటియే పెద్ద, పది చిన్న. దశావతారములలో మత్స్యము మొదలు వామనునివరకు మొదటి పద్ధతి, పరశురామునినుండి కల్కివరకు రెండవది. చాలచోట్ల పగలైనచో రాముడు, రాత్రియైనచో కృష్ణుడు ఆటకు ముందు నడచును. ముగ్గురాడినచో చేతికి నలువది ముక్కలు. ఏ ముక్క పోయినది, ఏది మిగిలినది అంతయు జ్ఞాపకముననే ఉంచుకొనవలెను.

అందుచేతనే చిత్రకారుడు ముక్కనే సూచికగా తీర్చెను. జాతికొక నేల రంగు. మత్స్యమునకు చేప, కూర్మమునకు తాబేలు, పరశురామునకు గండ్రగొడ్డలి. చదువురానివాడును చూపుమాత్రముననే పోల్చుకొనగలడు. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్జ్ యుద్ధక్రీడ ప్రవేశించినది, 1913లో ఎచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిల ఆటకు నియమములు వ్రాసి ప్రకటించెను. నేడును ఆ ఆటలాడువారు తమ దళముల బలాబలములను ఇంట అట్టముక్కలపై వ్రాసికొందురు. మనవారు ఆ పనిని కుంచెతో చేసిరి.

ఒడిశాలో చింతగింజల జిగురుతో పాత గుడ్డలను పొరలుపొరలుగా అంటించి, సుద్ద పూసి, ఆరబెట్టి, గుండ్రముగా కత్తిరించి, రంగులు దిద్ది లక్క పూయుదురు. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు (మరణము 1868) ఈ ఆటను ఎంత పెంచెననగా, ఆయన చాముండేశ్వరి కట్టలో ముక్కలు 320! అంత పెద్ద ఆట రాజమందిరము దాటి పల్లెకు రాలేదు, రాదు కూడ.

తరువాత ఐరోపానుండి అచ్చు పేకలు వచ్చినవి. యాబదిరెండు ముక్కలు, చవుక వెల, తేలిక లెక్క. నిర్మల కుంచెలు పలకలపై చిత్రములకును, కొయ్యబొమ్మలకును మరలినవి. సంగ్రహాలయములలో గంజీఫా కట్టలు చక్కగా భద్రముగా ఉన్నవి. రంగులు చెడలేదు. చూడవచ్చినవారు చేపను, తాబేలును మెచ్చుకొందురు. పరశురాముని జాతిలో ఒకటి పదిని గెలుచునని చెప్పగలవారు మాత్రము అరుదు. ఒడిశా పల్లెలలో కొందరు వృద్ధులు ఇప్పటికిని అరుగులపై చాప పరచి ఆడుచున్నారు.