బహిర్గతత్వం

ఒక జన్యువుకు చెందిన రెండు వేర్వేరు రూపాలు (యుగ్మవికల్పాలు) ఒకే జీవిలో ఉన్నప్పుడు, వాటిలో ఒకదాని లక్షణమే పైకి కనిపించడాన్ని బహిర్గతత్వం అంటారు. కనిపించేది బహిర్గత లక్షణం, మరుగున ఉండేది అంతర్గత లక్షణం.

మెండెల్ బఠానీలు

గ్రెగర్ మెండెల్ 1856లో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో మఠం తోటలో బఠానీ మొక్కలపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. గుండ్రటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే వచ్చాయి. వాటిని నాటి, స్వపరాగ సంపర్కం జరగనిస్తే 7,324 గింజలు కాశాయి. వాటిలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అంటే దాదాపు 3:1. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్లలా కలిసిపోతాయన్న నాటి నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. ముడత ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు దాగి ఉందంతే. 1866లో అచ్చయిన ఈ పరిశోధనకు 1900లోగానీ తగిన గుర్తింపు రాలేదు. ఆ ఏడాది డీవ్రీస్, కారెన్స్, షెర్మాక్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఇతర రూపాలు

అన్ని లక్షణాలూ ఈ దారిలోనే నడవవని త్వరలోనే తేలింది. ఎర్రపూల చంద్రకాంతను తెల్లపూల చంద్రకాంతతో సంకరం చేసినప్పుడు కారెన్స్‌కు గులాబీ రంగు పూలు కనిపించాయి. తర్వాతి తరంలో ఎరుపు, గులాబీ, తెలుపు 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. మనుషుల రక్తవర్గాల్లో ఎ, బి యుగ్మవికల్పాలు రెండూ ఉంటే రెండు ప్రతిజనకాలూ కనిపిస్తాయి. ఇది సహబహిర్గతత్వం. ఓ మాత్రం రెండింటి ముందూ అంతర్గతమే.

ఒక అపోహ

బహిర్గత లక్షణం తరతరానికీ జనంలో పెరిగిపోతుందని కొందరు భావించారు. కానీ పొట్టి వేళ్లు బహిర్గత లక్షణమే అయినా చాలా అరుదు. ఎంపిక, వలసలు, ఉత్పరివర్తనాలు లేని పెద్ద జనాభాలో, యాదృచ్ఛిక సంపర్కం జరిగినంత కాలం బహిర్గతత్వం ఒక్కటే ఏ యుగ్మవికల్పం వాటానూ పెంచదని 1908లో హార్డీ, వైన్‌బర్గ్ విడివిడిగా గణితంతో నిరూపించారు.

అసలు కారణం

ముడతల బఠానీ రహస్యం 1990లో బయటపడింది. పిండిపదార్థానికి కొమ్మలు తొడిగే ఎంజైమును తయారుచేసే జన్యువులోకి సుమారు 800 క్షారజతల డీఎన్ఏ ముక్క వచ్చి చేరడంతో ఆ జన్యువు పనిచేయడం మానేసింది. ఫలితంగా గింజలో పిండి తగ్గి చక్కెర పెరుగుతుంది. చక్కెర నీటిని ఎక్కువగా లాక్కోవడంతో పచ్చిగింజ ఉబ్బుతుంది, ఎండేటప్పుడు ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. పనిచేసే జన్యువు నకలు ఒక్కటి ఉన్నా గింజ గుండ్రంగా నిలవడానికి సరిపోతుంది. అయితే సంకర గింజలోని పిండి రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి రెండు రకాలకూ మధ్యస్థంగా ఉంటాయి. గింజ ఆకారంలో పూర్తి బహిర్గతత్వం, పిండి రేణువుల్లో అసంపూర్ణం! కాబట్టి బహిర్గతత్వం జన్యువు బలాబలాలకు కొలత కాదు. ఆ జన్యువు చేసే పని ఎంత ఉంటే ఆ లక్షణానికి చాలుతుందన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.