స్పైరులినా నాచు - రక్తంలోని కొవ్వులు: సహాయకారియే, ఔషధానికి ప్రత్యామ్నాయం కాదు

రక్తంలో కొలెస్టరాల్ పరిమితిని మించినపుడు అది రక్తనాళాల గోడలలో పేరుకొని గుండెపోటుకు, పక్షవాతానికి దారితీస్తుంది. దీనిని తగ్గించే ఆహారంగా స్పైరులినా అనే నీలి ఆకుపచ్చ నాచు విశేష ప్రచారం పొందింది. బిళ్లలుగా, పొడిగా విక్రయింపబడుతున్న ఈ నాచు విషయంలో పరిశోధనలు తేల్చినదెంత అన్నది అందరూ తెలుసుకొనవలసి ఉన్నది.

ప్రాచీన ఆహారం:

వాడుకలో నాచుగా వ్యవహరింపబడుతున్నప్పటికీ శాస్త్రరీత్యా ఇది సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే ఒక బాక్టీరియా. క్షారగుణం గల వెచ్చని నీటిలో పెరుగుతుంది. మెక్సికోలోని టెస్కోకో సరస్సు నుండి అజ్‌టెక్‌లు, ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతంలో కనెంబు తెగవారు దీనిని సేకరించి, ఎండబెట్టి ఆహారంగా వాడారు. ఎండిన స్పైరులినాలో 55 నుండి 70 శాతం వరకు మాంసకృత్తులు ఉంటాయి.

పనిచేసే తీరు:

కాలేయం కొలెస్టరాల్‌ను వినియోగించి పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. వీటిలో అధికభాగం పేగుల నుండి తిరిగి కాలేయానికి చేరుతుంది. స్పైరులినాలోని ఫైకోసయనిన్ అనే నీలిరంగు మాంసకృత్తి ఈ పునఃశోషణను, ఆహారంలోని కొలెస్టరాల్ శోషణను కొంతమేరకు అడ్డుకొంటున్నట్లు జపాన్ శాస్త్రజ్ఞులు 2005లో ఎలుకలపై జరిపిన పరిశోధనలో వెల్లడైనది.

పరిశోధనల ఫలితాలు:

గ్రీస్‌లోని క్రీట్ ద్వీపంలో 52 మందికి రోజుకు 1 గ్రాము చొప్పున 12 వారాలపాటు స్పైరులినా ఇవ్వగా ట్రైగ్లిసరైడ్లు 16.3 శాతం, చెడు కొలెస్టరాల్ (ఎల్.డి.ఎల్.) 10.1 శాతం, మొత్తం కొలెస్టరాల్ 8.9 శాతం తగ్గినట్లు 2014లో ప్రచురితమైన నివేదిక తెలిపింది. అయితే స్పైరులినా తీసుకొనని వారితో పోల్చి చూడకపోవడం ఇందులోని లోపం. పోలిక గల 7 పరీక్షలను కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణలో చెడు కొలెస్టరాల్ సగటున డెసిలీటరుకు 41 మిల్లీగ్రాములు తగ్గినట్లు తేలింది. ఈ పరీక్షలు చాలావరకు కొద్దిమందిపై, కొద్ది వారాలపాటు జరిగినవే. గుండెపోటు మరణాలు తగ్గుతాయని ఇవి నిరూపించలేదు.

పాటించవలసిన జాగ్రత్తలు:

* వైద్యులు సూచించిన స్టాటిన్ మాత్రలను మాని నాచు బిళ్లలపై ఆధారపడరాదు. మాత్రలు మానిన కొద్ది వారాలలోనే కొలెస్టరాల్ తిరిగి పెరుగుతుంది. పైకి ఎట్టి లక్షణమూ కనిపించదు.

* చెరువులు, కుంటలలోని నాచును తినరాదు. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు కాలేయాన్ని దెబ్బతీసే విషపదార్థాలను ఉత్పత్తి చేస్తాయి.

* ఫినైల్‌కీటోన్యూరియా అనే వంశపారంపర్య వ్యాధి గలవారు దీనిని వాడరాదు. గర్భిణులు వైద్యుల సలహా లేనిదే తీసుకొనరాదు.

* ఇందులోని బి12లో అధికభాగం మానవ శరీరానికి ఉపయోగపడదు. శాకాహారులు బి12 కొరకు దీనిపై ఆధారపడరాదు.

ఆహార పదార్థాలపై తప్పుదోవ పట్టించే ప్రకటనలకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 53వ సెక్షన్ ప్రకారం 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

నూనె, నెయ్యి వాడకంలో మితం, పప్పుధాన్యాలు, కూరగాయలు, నిత్య నడక, పొగాకుకు దూరంగా ఉండడం కొలెస్టరాల్ నియంత్రణకు పునాదులు. స్పైరులినా వీటికి తోడు కాగలదే కాని, వీటి స్థానాన్ని గాని, ఔషధం స్థానాన్ని గాని భర్తీ చేయజాలదు.