నీడలో ఓపిక పట్టే సాల్

ఖరగ్‌పూర్ చరిత్ర అనగానే బెంగాల్ నాగపూర్ రైల్వే, వర్క్‌షాపు, ఆ పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు గుర్తొస్తాయి. ఊరి చుట్టూ ఎర్రమొరం నేలలో పెరిగే సాల్ అడవికి కూడా ఆ చరిత్రలో చోటుండాలి. మనకు గుగ్గిలం ఇచ్చే చెట్టు ఇదే. రైలు పట్టాల కింద స్లీపర్లయిందీ ఇదే. రైలు వచ్చాక ఇక్కడి కలప నరకడం, అమ్మడం సులువైపోయింది.

నరికిన అడవి మళ్లీ ఎలా లేస్తుందో తెలియాలంటే, ఏ చెట్టు ఎంత నీడ ఓర్చుకుంటుందో తెలియాలి. ఆ విచారణ జర్మనీలో బలపడింది. 1852లో అటవీ శాస్త్రవేత్త గుస్తావ్ హేయర్ వెలుగు కోరే చెట్లనూ నీడ భరించే చెట్లనూ విడదీసి పుస్తకం రాశాడు. 1904లో ఫ్రికే అనే మరో శాస్త్రవేత్త పెద్ద చెట్ల కిందున్న మొక్కల చుట్టూ కందకం తవ్వి, పెద్దవాటి వేళ్లు తెంచాడు. నీడ తగ్గకపోయినా మొక్కలు పుంజుకున్నాయి. వాటిని అణచింది నీడ ఒక్కటే కాదు, వేళ్ల దగ్గర నీటి కరువు కూడా.

మన దేశపు చెట్ల గుణాలను 1921లో అటవీ శాస్త్రవేత్త ట్రూప్ మూడు సంపుటాల్లో రాశాడు. టేకుకు నిండు వెలుగు కావాలి. కానుగ నీడలోనూ ఎదుగుతుంది. సాల్ తీరు వేరు. తొలకరి నాటికి రాలే దాని రెక్కల గింజలకు వారం దాటితే మొలకెత్తే శక్తి ఉండదు. మొలిచిన మొక్క కాండం ఏటా ఎండిపోయినా, వేరు మాత్రం నేలలో ఏళ్లతరబడి బలుస్తూ ఉంటుంది. పైన సందు దొరికితే ఒక్కసారిగా లేస్తుంది. కాండం ఇలా ఎండిపోవడానికి గాలి ఆడని తడినేల కూడా కారణమని డెహ్రాడూన్‌లో వృక్షశాస్త్రవేత్త హోల్ ప్రయోగాలు చేసి చెప్పాడు.

ఈ వేరు బలం విలువ మేదినీపూర్‌కు ఉత్తరాన ఉన్న అరబారిలో తేలింది. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 ఊళ్లవాళ్లతో మాట్లాడి, 1272 హెక్టార్ల పాడుబడ్డ అడవిని వాళ్ల కాపలాకు అప్పగించాడు. రాబడిలో పావు వంతు వాళ్లకేనన్నాడు. మేతా నరుకుడూ ఆగాక, నిండు వెలుగులో మోళ్లు చిగిర్చాయి. నాకు ఈ అడవి గాథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: అక్కడ అడవి చావలేదు, మట్టికింద బతికే ఉంది. ఆ మాట నమ్మి ఊళ్లు కాపలా కాశాయి. 1989లో పశ్చిమ బెంగాల్ ఈ పద్ధతికి ఉత్తర్వులిచ్చింది, మరుసటేడు కేంద్రమూ అదే దారి పట్టింది.

అయితే మళ్లీ మళ్లీ నరికితే మోడు బలం తగ్గుతుంది. అందుకే గింజ మొక్కలకూ వంతు ఇవ్వాలి. వాటి మీద నీడ ఎప్పుడు తీయాలో, ఏ చెట్టు ఉంచాలో ఊరూ అటవీ శాఖా కలిసి కోత కోతకూ తేల్చుకోవాల్సిందే.