గడప దాటి వచ్చింది

రాత్రి పదిన్నరకి కుక్కపిల్ల రెండోసారి కక్కింది. మొదటిసారి తెల్లటి నురగ. ఈసారి పసుపుపచ్చటి నీళ్లు.

"పెరుగన్నం పడలేదేమో" అంది నానమ్మ, పాత తువ్వాలు అందిస్తూ.

"ఇవాళ పెరుగన్నం పెట్టనేలేదు అత్తయ్యా. సెరెలాక్ కలిపిస్తే మూతి కూడా పెట్టలేదు."

ఆ ఇంటికి అది వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. లాబ్రడార్ పిల్ల, లేత గోధుమరంగు, రెండు నెలల వయసు. కాకినాడలో ఓ సందులో, ముందు వరండా, వెనక పెరడు ఉన్న పాతకాలపు ఇల్లు. వాళ్ల పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఇంటాయన లెక్కల మనిషి. పిల్లని తేవడానికి వారం ముందే నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి, కుక్కపిల్ల కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తు నుంచి గదులన్నీ చూశాడు. టీవీ వెనక వేలాడే వైర్లని ప్లాస్టిక్ గొట్టంలో దూర్చాడు. బీరువా కింద దొర్లిన కలరా ఉండలు ఏరించాడు. గ్యాస్ బండ వెనక ఎప్పుడో పెట్టిన ఎలకల మందు బిళ్లలు తీయించాడు. ఆ మందుల్లో ఎక్కువగా వాడే రకంతో కుక్క తిన్న వెంటనే పడిపోదు. మూడు నాలుగు రోజులకి లోపల రక్తం కారడం మొదలవుతుంది. ఏం తిన్నదో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. మెట్లకి అడ్డంగా చెక్క కట్టాడు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టబోమని పిల్లలిద్దరి చేతా ఒట్టు వేయించాడు. పెరట్లో గన్నేరు చెట్టుని వేళ్లతో సహా పీకించాడు. పూజకి పూలు పోయాయని నానమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

చెప్పుల స్టాండు మాత్రం ఎప్పటిలాగే గడప పక్కన ఉండిపోయింది.

కుక్కపిల్లకి ఇంట్లో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. ఇంటాయన పొద్దున్నే వాకింగ్ చేసి వచ్చి విడిచిన బూటుని ముందుకాళ్ల మధ్య పెట్టుకుని, లేసు నములుతూ అక్కడే నిద్రపోయేది. పిల్లలు ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపారు. బయటి మురికి ఇంట్లోకి రాకూడదనే కదా మనం చెప్పులు గుమ్మం దగ్గర విడిచేది! ఆ మురికంతా కుక్కపిల్ల మూతి ముందు పోగవుతుందని ఎవరికి తడుతుంది?

తెల్లవారేసరికి విరేచనం. నీళ్లలా, నెత్తురు కలిసి. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరని పశువైద్యులు అంటుంటారు. పిల్లని బుట్టలో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్తే, ఆ రోజు డాక్టరుగారు కూడా బుట్ట మీది గుడ్డ తీయకముందే తల ఎత్తి చూశారు. పెదవి ఎత్తి చిగుళ్లు నొక్కి చూశారు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మెడ మీద చర్మం పట్టుకుని లాగి వదిలితే వెంటనే వెనక్కి పోలేదు. ఒంట్లో నీరు లేదన్నమాట. కిట్ తీసి పరీక్ష చేశారు. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చూసుకున్న కిట్ లాంటిదే. రెండు గీతలు వచ్చాయి.

"పార్వో" అన్నారు.

"టీకా వేయించాం కదండీ! నలభై అయిదో రోజునే వేశారు, కార్డు కూడా ఉంది" అన్నాడు ఇంటాయన.

"ఒక్కటే కదా పడింది. పుట్టగానే తాగిన ముర్రుపాలతో తల్లి నుంచి కొంత రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ మనమిచ్చిన టీకాని పనిచేయనివ్వదు. పోనీ జబ్బు నుంచైనా కాపాడుతుందా అంటే, వారాలు గడిచేకొద్దీ దానికా బలం ఉండదు. మధ్యలో కొన్నాళ్లు పిల్ల ఎటూ కాకుండా ఉంటుంది. ఏ పిల్లకి ఎప్పుడో ముందుగా చెప్పలేం. అందుకే మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేస్తాం."

"అయితే అమ్మినవాడి దగ్గరే అంటుకుందా?"

"వచ్చి తొమ్మిది రోజులైందంటున్నారు. మామూలుగా మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. మీ ఇంటికి వచ్చాకే సోకి ఉండాలి."

ఇంట్లోంచి బయటికి పంపని పిల్లకి ఎలా సోకింది? జవాబు సాయంత్రం పాలు పోసే అబ్బాయి చెప్పాడు. సందు చివర వీధికుక్క పెట్టిన పిల్లల్లో ఒక్కటి తప్ప అన్నీ ఆ నెలలోనే పోయాయి. ఇంటాయన రోజూ నడిచే దారి అదే.

ఈ వైరస్‌ని నేరుగా చంపే మందు ఆ ఆస్పత్రిలో లేదు. చాలాచోట్ల లేదు. పేగు లోపలి పొరలో కొత్తగా పుట్టే కణాలని, ఎముకల మజ్జని అది పట్టుకుంటుంది. సెలైన్, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్, పాడైన పేగుల్లోంచి రక్తంలోకి బ్యాక్టీరియా చేరకుండా యాంటీబయోటిక్, కాస్త గ్లూకోజ్. ఒళ్లు తట్టుకునేదాకా ఇలా నిలబెట్టడమే వైద్యం. వేళకి తెస్తే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఇది బతకలేదు. మూడో రోజు మధ్యాహ్నం, కోడలు ఒళ్లో, సెలైన్ ఎక్కుతుండగానే పోయింది.

ఈ జబ్బు వయసు ఎంతో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అనాదిగా కుక్కలకున్నది కాదు. 1978లో అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో ఇంచుమించు ఒకేసారి కుక్కపిల్లలు నెత్తురు విరేచనాలతో రాలిపోయాయి. కొన్నయితే గుండె కండరం దెబ్బతిని, ఆడుకుంటూ ఆడుకుంటూనే కూలిపోయాయి. పిల్లుల్లో ఎప్పటినుంచో ఉన్న ఒక వైరస్‌కి ఇది దగ్గరి చుట్టమని తేలింది. సరైన టీకా తయారయ్యేలోపు డాక్టర్లు పిల్లుల టీకానే కుక్కలకి వేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లేలాండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ ఈ వైరస్ మీద పనిచేశారు. కార్మైకేల్ టీకా అక్కడి నుంచే వచ్చింది. ఇండియాలో 1980ల మొదట్లోనే ఈ జబ్బు నమోదైంది.

అదే రోజుల్లో సుపీరియర్ సరస్సు మధ్య ఐల్ రాయల్ అనే దీవిలో ఓ ఘోరం జరిగింది. కుక్కలని తీసుకురావడం నిషేధమైన జాతీయ పార్కు అది. 1980లో అక్కడ యాభై తోడేళ్లు ఉండేవి, 1982కి పద్నాలుగు మిగిలాయి. మనుషుల వెంట వచ్చిన పార్వోయే కారణమని పరిశోధకులు తేల్చారు. చుట్టూ నీళ్లున్న దీవికే దిక్కులేకపోతే, సందులో ఇంటి గడప ఎంత?

వారం పోయాక పిల్లలు ఇంకో కుక్కపిల్ల కావాలన్నారు. ఇంటాయన డాక్టరుగారికి ఫోన్ చేశాడు.

"ఇల్లు శుభ్రం చేశారా?"

"రోజూ రెండు పూటలా ఫినాయిల్‌తో కడుగుతున్నామండీ."

"ఫినాయిల్ వాసన మన తృప్తికి. వైరస్‌కేం కాదు. డెట్టాల్, శానిటైజర్ కూడా అంతే. బ్లీచ్ కావాలి. బట్టలకి వాడే బ్లీచ్ ద్రావణం ఒక కప్పుకి ముప్ఫై కప్పుల నీళ్లు. ముందు సబ్బుతో మురికంతా వదలగొట్టాక పోయాలి, మురికి మీద పోస్తే దండగ. పది నిమిషాలు నేల తడిగా ఉండాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, ఆ పొగకి మీరే ఆస్పత్రిలో పడతారు."

కొబ్బరిపీచు పట్టా, పిల్ల పడుకున్న పరుపు, గుడ్డబొమ్మలు, లేసు నమిలిన ఆ బూట్లు అన్నీ మూటగట్టి పారేశారు. గచ్చు, గడప, చెప్పుల స్టాండు బ్లీచ్‌తో కడిగారు. పెరడే సమస్య అయింది. మట్టిలో బ్లీచ్ పనిచేయదు, నీడలో నెలల తరబడి వైరస్ బతుకుతుంది. ఎండ పడేలా నిమ్మచెట్టు కొమ్మలు కొట్టించమన్నారు. గన్నేరు తర్వాత ఇప్పుడు నిమ్మచెట్టా అని నానమ్మ గొణిగింది, కానీ మనిషిని పిలిచి కొట్టించింది ఆవిడే.

టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కని తెచ్చుకుంటే గొడవ ఉండదని డాక్టరుగారు చెప్పి చూశారు. పిల్లలు వినలేదు. ఏడాది దాటాక ఇంకో పిల్ల వచ్చింది, ఈసారి నల్లది. చెప్పుల స్టాండు గేటు దగ్గరికి పోయింది. వాకింగ్ బూట్లు స్కూటర్ డిక్కీలో. ఎవరొచ్చినా ముందు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోవాలి. పెరటి తలుపుకి తాళం. పని మనిషి ఇంట్లో కూడా కుక్క ఉందని తెలిశాక, ఆవిడ కోసం వేరే చెప్పుల జత కొన్నారు.

ఇంత చేస్తే ఇంకో చిక్కు. గదిలో మూసిపెట్టిన కుక్కపిల్ల పెద్దయ్యాక హారన్‌కి, గొడుగుకి, గడ్డం ఉన్న మనిషికి కూడా హడలిపోతుంది. లోకం అలవాటయ్యే వయసు మూడో వారం నుంచి మూడో నెల దాటేదాకానే. సరిగ్గా టీకాలు నడిచే రోజులవే! "చూపించండి, వాసన పట్టనివ్వండి, నేల మాత్రం తాకనివ్వకండి" అన్నారు డాక్టరుగారు.

ఆ పని నానమ్మ తీసుకుంది. సాయంత్రం కాగానే నల్లపిల్లని చంకనేసుకుని సందు మొగదాకా వెళ్లేది. ఆటోలు, బజ్జీల బండి, స్కూలు నుంచి వచ్చే పిల్లలు, రామాలయం మైకు. అన్నీ దానికి చూపించేది, పేర్లు కూడా చెప్పేది. ఎదురింటావిడ ఓ రోజు ముచ్చటపడింది.

"మోయలేకపోతున్నారు పిన్నిగారూ, కిందకి దించండి, కాసేపు పరుగెడుతుంది."

"దించను. ఇంకో సూది పడాలి దీనికి" అంది నానమ్మ, పిల్లని రెండో చంకలోకి మార్చుకుంటూ. "నువ్వు ముద్దు చేస్తే చేశావు గానీ, ముందు ఆ చెప్పులు విప్పి రావే."