మెయిజీ మందిరం – మనుషులు నాటిన అడవి



టోక్యో నగరంలో హరాజుకు అని ఒక పేట ఉంది. పడుచుపిల్లల బట్టల దుకాణాలకు పేరుపడ్డ చోటు. అక్కడి టకెషితా వీధిలో జనం ఒకరినొకరు రాసుకుంటూ నడవాల్సిందే. ఆ పేట స్టేషనులో రైలు దిగి, పట్టాలమీది వంతెన దాటితే ఎత్తయిన కొయ్య ద్వారం కనబడుతుంది. దాన్ని 'తోరీ' అంటారు. మన తోరణం గుర్తుకొస్తుంది గదూ! దారిలో ఇంకా పెద్దది, 12 మీటర్ల తోరీ ఒకటుంది. 1975లో నిలబెట్టారు. లోపల నడుస్తూంటే గులకరాళ్ళ చప్పుడే గాని వీధి గోల చెవిన పడదు. రెండు ప్రక్కలా అడవి. దాదాపు 70 హెక్టార్లు, అంటే 170 ఎకరాల పైమాటే.

ఇదేదో అనాదిగా ఉన్న అడవి అనుకుంటాం. కాదు. నూరేళ్ళ క్రిందట అక్కడ చాలావరకు పొలాలూ, గడ్డిబీళ్ళూనూ.

మెయిజీ చక్రవర్తి 1912లో, ఆయన రాణి షోకెన్ 1914లో చనిపోయారు. వారి పేర షింటో మందిరం కట్టాలన్నారు. షింటో అంటే చెట్టులో, కొండలో, పూర్వీకులలో దైవాన్ని చూసే జపానువారి ప్రాచీన మతం. మందిరానికి వనం ఉండితీరాలి. మరి ఏ చెట్లు వెయ్యాలి?

ప్రధానమంత్రి ఒకుమా షిగెనొబు సుగి చెట్లే వెయ్యాలని పట్టుబట్టారు. నిక్కోలో ఆకాశాన్నంటుతూ నిటారుగా నిలిచే చెట్లవి. హోండా సెయిరోకు మొదలైన వనశాస్త్రజ్ఞులు మాత్రం ఒప్పుకోలేదు. టోక్యో నేలకూ, పొగకూ సుగి తట్టుకోదని లెక్కలతో చూపించి నెగ్గారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సింధూర జాతి చెట్లనూ, కర్పూర వృక్షాలనూ ఎంచుకున్నారు. వాటి గింజలు రాలి, అవే మొలిచి, మనిషి చెయ్యి పడకుండానే అడవి సాగాలని వారి ఆలోచన. అందుకు నూరు, నూటయాభై ఏళ్ళు పడుతుందని అంచనా వేశారు. తాము చూడబోని అడవికి పథకం వేశారన్నమాట!

దేశం నలుమూలలనుంచీ జనం సుమారు లక్ష మొక్కలు పంపారు. లక్షమందికి పైగా యువకులు వచ్చి పనిచేశారు. 1920 నవంబరు 1న మందిరం తెరిచారు.

ఆ రోజుల్లో షింటో ప్రభుత్వం చేతిలో ఉండేది. చక్రవర్తిపేర యుద్ధాలు నడిచాయి. 1945 ఏప్రిల్‌లో విమానాలు కురిపించిన నిప్పుబాంబులకు ప్రధాన మందిరం కాలిపోయింది. అడవి మాత్రం చాలావరకు నిలబడింది. యుద్ధం ముగిశాక మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేశారు. అందుచేత 1958లో లేచిన ఇప్పటి మందిరం జనం ఇచ్చిన చందాలతో కట్టినది.

మన ఆడవాళ్ళకు నచ్చే సంగతి ఒకటుంది. దారిమీద రాలిన ఆకులను ఊడ్చేవారిని అక్కడ 'హకియా సాన్' అంటారు. 'సాన్' అంటే మన 'గారు' వంటిదే. పొడుగాటి చీపుళ్ళతో ఊడ్చిన ఆకులను వారు బయట పారబొయ్యరు, తగలబెట్టరు. తిరిగి చెట్ల మొదళ్ళకే చేరుస్తారు. అడవికి అదే ఎరువు. 2011 నుంచి రెండేళ్ళపాటు శాస్త్రజ్ఞులు వెదికితే మొక్కలు, పురుగులు, పిట్టలు అన్నీ కలిసి దాదాపు 3,000 జాతులు లెక్కకు వచ్చాయి.

అక్కడికి వెళ్ళేవారు ముందు చేతులు, నోరు కడుక్కుంటారు. మందిరం ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు చరిచి, మళ్ళీ ఒకసారి వంగి నమస్కరిస్తారు. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికని జపాను వెళితే, ఆ పద్ధతిన నమస్కరించి, కాసేపు ఆ చెట్లనూ చూడండి. అవి ఎవరెవరో ముక్కూమొహం తెలియనివారు, మనుమలకోసం పంపిన మొక్కలు.